రెండో తరగతి పిల్లల చేత హాలోవీన్ చేతిపనులు: ముప్పావు గంటలో ఏమి చేయించగలం?

ఊదాపువ్వు (ఫ్రిస్కో, టెక్సస్) | 2025 అక్టోబరు 11

అందరికీ నమస్కారం. మా అమ్మాయి రెండో తరగతి చదువుతోంది. ఈ ఏడాది వాళ్ల తరగతికి రూమ్ పేరెంట్‌గా, అంటే తరగతి వేడుకలకు టీచరుకు సాయపడే తల్లిగా, ఉండడానికి నేను ఒప్పుకున్నాను. అక్టోబరు 31, శుక్రవారం మధ్యాహ్నం జరిగే వేడుకలో పిల్లల చేత చేతిపని చేయించే బాధ్యతను నాకు అప్పగించారు. పిల్లలు 24 మంది, సమయం 45 నిమిషాలు, నాతో పాటు సహాయానికి మరో ఇద్దరు తల్లులు వస్తారు. ఖర్చు 40 డాలర్లు దాటకూడదు. గ్లిట్టర్ గాని, ఒలికే రంగులు గాని తేవద్దనీ, తినుబండారాలతో చేసే బొమ్మలు వద్దనీ, నెత్తురు, పుర్రెలు వంటివి లేకుండా చూడమనీ టీచరు గారు ముందే చెప్పారు.

నేను నరసరావుపేటలో పెరిగాను. మా బడిలో చేతిపని అంటే కాగితం పడవలు, కొబ్బరాకు బూరలు, జెండా పండుగకు ముందు రోజు రంగు కాగితాలను పురికొసకు అంటించడం. పిల్లలు వేషాలు వేసుకుని ఇంటింటికీ వెళ్లి మిఠాయిలు అడిగే ఈ హాలోవీన్ గురించి నాకు తెలిసిందంతా ఈ దేశానికి వచ్చాక చూసి నేర్చుకున్నదే. దుకాణంలో ముందే కత్తిరించిన ఫోమ్ ముక్కల కిట్లు దొరుకుతున్నాయి. ఒక్కో పెట్టెలో 12 గుమ్మడికాయ ముఖాలు ఉంటాయి కాబట్టి రెండు పెట్టెలు కొంటే పని తీరిపోతుంది. అలా కొనడం మంచిదేనా, లేక మీ అనుభవంలో ఇంతకంటే మెరుగైనవి ఉన్నాయా అన్నది దయచేసి చెప్పండి.

---

నల్లబల్ల (ఎడిసన్, న్యూజెర్సీ) | అక్టోబరు 11

ఊదాపువ్వు గారూ, నేను ప్రాథమిక పాఠశాలలో పద్నాలుగేళ్లుగా బోధిస్తున్నాను. అందులో ఎక్కువ కాలం రెండో తరగతికే చెప్పాను కాబట్టి కొంచెం విపులంగా రాస్తున్నాను.

ఆ కిట్లలో పిల్లలు చేసే పని వెనక కాగితం ఊడదీసి అంటించడం ఒక్కటే. అది ఐదారు నిమిషాల్లో ముగుస్తుంది. ఆ తర్వాత 24 మంది పిల్లలకు ఏ పనీ లేని సమయం అరగంటకు పైగా మీ చేతిలో మిగులుతుంది. గోడమీద పెట్టినప్పుడు ఏది ఎవరిదో పిల్లలే గుర్తుపట్టలేరు. ఏడేళ్ల పిల్లకు తన చేతితో చేసిన వస్తువు ఇంటికి తీసుకువెళ్లి చూపించడంలో ఉండే గర్వం అలాంటి వాటితో రాదు.

నేను ప్రతి సంవత్సరం చేయించే పని ఊలు సాలెగూడు. తొమ్మిది అంగుళాల కాగితపు పళ్లెం తీసుకుని, మధ్య చదునుగా ఉన్న భాగాన్ని గుండ్రంగా కత్తిరించి తీసేయాలి. మిగిలిన అంచు మీద, గడియారంలో అంకెలు ఉండే చోట్ల, 12 రంధ్రాలు పంచ్‌తో వేయాలి. ప్రతి రంధ్రం పక్కన 1 నుంచి 12 వరకు అంకెలు పిల్లల చేతనే రాయించండి. ఊలు దారాన్ని 12 దగ్గర ముడివేసి, అక్కడి నుంచి 5కు, 5 నుంచి 10కి, 10 నుంచి 3కు, ఇలా ప్రతిసారీ ఐదు గంటలు ముందుకు లెక్కపెట్టుకుంటూ వెళ్లాలి. ఏ రంధ్రాన్నీ వదలకుండా, ఏ రంధ్రంలోకీ రెండోసారి వెళ్లకుండా, పన్నెండో అడుగులో దారం మళ్లీ 12 దగ్గరికే వచ్చి చేరుతుంది. మధ్యలో చిన్న గుండ్రని ఖాళీ ఉన్న అందమైన గూడు ఏర్పడుతుంది. సాలీడును ఆ ఖాళీలోనే వేలాడదీయవచ్చు.

అదే పిల్లలను నాలుగు గంటల చొప్పున లెక్కించమంటే 12, 4, 8 తాకి మళ్లీ 12కు వచ్చేస్తారు, గూడు బదులు త్రిభుజం వస్తుంది. ఆరు గంటల చొప్పున వెళితే 12కూ 6కూ మధ్య అటూ ఇటూ తిరుగుతూ ఉండిపోతారు. ఎందుకు అలా జరుగుతోందని ఎవరో ఒక పిల్లవాడు తప్పకుండా అడుగుతాడు. 4, 6 అనేవి 12ను సరిగ్గా భాగిస్తాయనీ, 5 భాగించదనీ రెండో తరగతిలో నేరుగా చెప్పనక్కరలేదు, కాని ఆ ఆశ్చర్యం వాళ్ల చేతుల్లో నిలిచిపోతుంది. గడియారం చదవడం నేర్చుకుంటున్న వయసు కూడా అదే కాబట్టి ఇంతకంటే తగిన పని నాకు తోచలేదు.

ఒక్కొక్కరికి మూడు గజాల ఊలు సరిపోతుంది. దారం కొనకు అంగుళం పొడవున సెల్లోటేపు బిగుతుగా చుట్టండి. అప్పుడది బూటు లేసు కొనలాగా గట్టిపడి, సూది అవసరం లేకుండా రంధ్రాల్లోకి దూరుతుంది. ఈ ఒక్క జాగ్రత్త తీసుకోకపోతే మీ ముప్పావు గంట అంతా దారం కొనలు నలిపి ఎక్కించడానికే సరిపోతుంది.

---

రెండుకత్తెరలు (కేరీ, నార్త్ కరొలైనా) | అక్టోబరు 11

నల్లబల్ల గారి సాలెగూడు చాలా బాగుంది. ఈ రాత్రే మా ఇంట్లో ప్రయత్నిస్తాను. అయితే ఒక్క మాటతో నేను విభేదిస్తున్నాను. పళ్లెం మధ్య భాగాన్ని పెద్దలు ముందే కత్తిరించి తీసుకువస్తే, పిల్లల చేతికి కత్తెర దొరికే అవకాశం పోతుంది. కత్తెర పట్టడం కూడా ఈ వయసులో నేర్చుకోవలసిన విద్యే.

ఆ విద్య కోసం నేను కాగితపు పట్టీల గుమ్మడికాయను సూచిస్తాను. 9 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల పొడవు ఉన్న నారింజరంగు క్రాఫ్ట్ కాగితం మీద అంగుళం చొప్పున గీతలు గీసి ఇస్తే, పిల్లలు దాన్ని నిలువునా కత్తిరించి తొమ్మిది పట్టీలు తీయగలరు. ఆరు పట్టీలను దొంతరగా పెట్టి, రెండు చివరలా అర అంగుళం లోపలికి రంధ్రం వేసి, రెండు కాళ్లు విచ్చుకునే ఇత్తడి పిన్ను ఒకటి పైన, ఒకటి కింద దూర్చాలి. తర్వాత పట్టీలను విసనకర్రలా చుట్టూ విప్పుకుంటూ పోతే చదునైన దొంతర గుండ్రని కాయగా మారుతుంది. ఆ మార్పు జరిగే క్షణంలో పిల్లల ముఖాలు చూడాలి. ఒక్కొక్కరికి ఆరు పట్టీల లెక్కన 24 మందికి 144 పట్టీలు, అంటే 16 కాగితాలు చాలు. పైన ఆకుపచ్చ కాగితపు తొడిమ, పెన్సిలుకు చుట్టి మెలితిప్పిన సన్నని కాగితపు తీగ పెడితే కాయకు నిండుదనం వస్తుంది.

మరొక విన్నపం. మా పెద్దమ్మాయిది ఎడమచేతి వాటం. మామూలు కత్తెర ఎడమచేత్తో పట్టుకుంటే పై రెక్క అడ్డువచ్చి కత్తిరించవలసిన గీత కనిపించదు, కాగితం తెగకుండా మడతపడుతుంది. కిండర్‌గార్టెన్‌లో ఒక వేడుకలో ఆమె పని సరిగా రాలేదని ఏడుస్తూ ఇంటికి వచ్చింది. లోపం చేతిది కాదనీ, కత్తెరదనీ మాకు ఆలస్యంగా తెలిసింది. కాబట్టి తరగతిలో ఎడమచేతి వాటం పిల్లలు ఎందరున్నారో టీచరు గారిని అడిగి, వాళ్ల కోసం ఎడమచేతి కత్తెరలు రెండైనా దగ్గర పెట్టుకోండి.

---

నల్లబల్ల | అక్టోబరు 12

రెండుకత్తెరలు గారి అభ్యంతరం న్యాయమైనదే. పళ్లెం మధ్యలో కత్తెర మొన గుచ్చి మొదలుపెట్టడం ఒక్కటే ప్రమాదకరమైన పని. అది పెద్దలు చేసి, కత్తెర దూరేంత సందు ఇస్తే, మిగతాది పిల్లలే గుండ్రంగా కత్తిరించుకోగలరు. గుండ్రంగా కత్తిరించేటప్పుడు కత్తెర కాదు, కాగితం తిరగాలి అన్న సూత్రం ఒకసారి చేసి చూపిస్తే చాలు. పట్టీలు వంకరగా తెగినా దయచేసి ఎవరూ సరిదిద్దవద్దు. వేడుకకు వచ్చిన పెద్దలు పిల్లల చేతిలోనుంచి కత్తెర తీసుకుని తామే చక్కగా చేసి పెట్టడం నేను ఏటా చూస్తాను. వారి ప్రేమను నేను అర్థం చేసుకుంటాను, కాని ఆ పిల్లవాడు ఆ తర్వాత ఆ వస్తువు వైపు చూడడు.

---

గోదారిగట్టు (ప్రస్తుతం డబ్లిన్, ఒహాయో) | అక్టోబరు 12

అమ్మా ఊదాపువ్వూ, మాది కొవ్వూరు దగ్గర పల్లె. మనవడి దగ్గర ఆరు నెలలు ఉందామని వచ్చాను. మీ చర్చ మా కోడలు చదివి వినిపిస్తే నాకు కూడా నాలుగు మాటలు రాయాలనిపించింది.

ఇక్కడ గుమ్మడికాయకు కళ్లూ నోరూ చెక్కి గుమ్మంలో పెట్టడం చూసి మొదట అందరూ నేను వింతగా చూస్తానని అనుకున్నారు. నాకు వింత అనిపించలేదు. మన ఊళ్లలో కొత్త ఇల్లు కడుతుంటే బూడిద గుమ్మడికాయకు కోరమీసాలు, పెద్ద కళ్లు గీసి దిష్టి తగలకుండా వేలాడదీయడం లేదా? చేలో గడ్డితో కట్టిన దిష్టిబొమ్మకు పాత చొక్కా తొడిగి, బోర్లించిన కుండను తలగా పెట్టి, దాని మీద సున్నంతో చుక్కలు పెట్టడం లేదా? అందుకని నేను మనవడి చేత చిన్న దిష్టిబొమ్మ చేయించాను. ఐస్‌క్రీమ్ పుల్లలు రెండు అడ్డంగా పెట్టి ఊలుతో కట్టాము. పాత గళ్ల లుంగీ ముక్కతో చొక్కా, పురికొసను విడదీసి గడ్డి, గుండ్రని అట్టముక్కతో తల. ఇక్కడి పొలాల్లోనూ ఇలాంటి బొమ్మలే పెడతారట. వాడు దాన్ని బడికి పట్టుకెళ్లి, మా నాయనమ్మ ఊరి బొమ్మ అని చెప్పాడు.

ఇంట్లో చేసుకునేది ఇంకొకటి ఉంది. పల్చటి వల గుడ్డను చిక్కటి గంజిలో ముంచి, పిండి, సీసా మూతి మీద బంతి పెట్టి దాని మీద కప్పి వదిలేస్తే, ఆరాక గుడ్డ ఆ ఆకారంలోనే బిర్రుగా నిలబడుతుంది. సీసా, బంతి తీసేస్తే గాలిలో నిలబడిన దెయ్యంలా ఉంటుంది. దుకాణంలో అమ్మే గంజి సీసా కొనబోతుంటే నేనే వద్దన్నాను. నేత చీరలకు గంజి పెట్టిన చేతులకు ఇదొక పెద్ద పని కాదు. అన్నం వార్చిన గంజిని ఇంకొంచెం మరిగించి చిక్కబరిస్తే సరిపోతుంది. ఇక్కడి చలికి ఆరడానికి రోజున్నర పట్టింది కాబట్టి ఇది బడిలో కుదరదు.

---

ఆకురాలుకాలం (నోవై, మిషిగన్) | అక్టోబరు 12

గోదారిగట్టు అమ్మగారూ, మీరు గంజి అనడం నాకు ఎంత ఊరట కలిగించిందో చెప్పలేను. మా అబ్బాయికి గోధుమలు, వేరుశనగలు పడవు. చేతిపనులలో గోధుమలు ఎక్కడెక్కడ దాగి ఉంటాయో చాలామందికి తోచదు. మైదా ఉడికించిన జిగురు, ఇంట్లో కలిపిన ఆటమట్టి, దుకాణంలో కొనే ఆటమట్టిలో కొన్ని, అస్థిపంజరం బొమ్మకు ఎముకలుగా అంటించే ఎండు మాకరోనీ, ఇవన్నీ గోధుమలే. ఒకటో తరగతిలో ఉన్నప్పుడు మాకరోనీ బొమ్మ చేసిన రోజున వాడిని విడిగా కూర్చోబెట్టి రంగులు వేసుకోమన్నారు. ఎవరూ చెడ్డ ఉద్దేశంతో చేయలేదు, కాని వాడు ఆ సంగతి ఇప్పటికీ చెబుతాడు.

కాబట్టి ఊదాపువ్వు గారూ, సామాను కొనకముందే టీచరు గారిని ఎలర్జీల సంగతి అడగండి. గుడ్ల అట్టపెట్టెలు, బెలూన్లు తేవాలనుకుంటే వాటి గురించీ అడగండి, ఎందుకంటే గుడ్డు పడని పిల్లలూ, బెలూన్ల రబ్బరు పడని పిల్లలూ ఉంటారు. మా బడిలో టాయిలెట్ పేపర్ గొట్టాలు వద్దన్నారు, బదులుగా వంటింటి పేపర్ టవల్ గొట్టాలను సగానికి కోసి తెమ్మన్నారు. వాటికి తెల్ల క్రేప్ కాగితం పట్టీలు చుట్టి, మధ్యలో రెండు కళ్లు పెడితే ఈజిప్టు మమ్మీ (గుడ్డ పట్టీలు చుట్టి భద్రపరిచిన శవం) బొమ్మ వస్తుంది. ఏ వంకరా కనబడని బొమ్మ అది, ఎందుకంటే ఎంత గజిబిజిగా చుడితే అంత బాగుంటుంది.

ఎలర్జీల ప్రస్తావన వచ్చింది కనుక, మా ఇంట్లో చేసే మరొక పని చెబుతాను. చిన్న గుమ్మడికాయకు నీలి ఆకుపచ్చ రంగు వేసి గుమ్మంలో పెడతాము. తినే మిఠాయిలు కాకుండా పెన్సిళ్లు, స్టిక్కర్ల వంటివి కూడా ఈ ఇంట్లో దొరుకుతాయని దాని అర్థం. ఆహార ఎలర్జీల మీద పనిచేసే ఫేర్ సంస్థ 2014లో దీన్ని దేశమంతటా ప్రచారంలోకి తెచ్చింది. చెక్కని కాయ వారాల తరబడి పాడవకుండా ఉంటుంది, చెక్కిన కాయ కొద్ది రోజులకే కుళ్లడం మొదలుపెడుతుంది. చిన్నపిల్లల చేతికి కత్తి ఇవ్వవలసిన అవసరం కూడా ఉండదు కాబట్టి ప్రాథమిక తరగతులకు రంగు వేయడమే సరైన పద్ధతి అని నా అభిప్రాయం.

---

బెజవాడబాటసారి (ఆస్టిన్, టెక్సస్) | అక్టోబరు 13

మా ఊరి గురించి చెప్పకుండా ఉండలేను. ఆస్టిన్‌లో కాంగ్రెస్ అవెన్యూ వంతెన కింద వేసవిలో దాదాపు 15 లక్షల మెక్సికన్ ఫ్రీటెయిల్ గబ్బిలాలు ఉంటాయి. సాయంత్రం అవి పొగలా బయటికి వచ్చే దృశ్యం చూడడానికి జనం వంతెన మీద బారులు తీరుతారు. చలికాలంలో అవి మెక్సికోకు వెళ్లిపోతాయి. ఆ గబ్బిలం టెక్సస్ రాష్ట్రపు అధికారిక ఎగిరే క్షీరదం కూడా. అందువల్ల టెక్సస్ పిల్లలకు గబ్బిలం బొమ్మకంటే తగినది లేదని నేను నమ్ముతాను.

గబ్బిలం రెక్క నిజానికి దాని చెయ్యి. పొడవుగా సాగిన వేళ్ల మధ్య పల్చటి చర్మం ఉంటుంది, బొటనవేలు పైన కొక్కెంలా బయటికి కనిపిస్తుంది. ఈ సంగతి చెప్పి, పిల్లలను తమ రెండు చేతులూ వేళ్లు చాపి నల్ల కాగితం మీద పెట్టమని, తెల్ల రంగుపెన్సిలుతో చుట్టూ గీయమనండి. కత్తిరించిన ఆ రెండు చేతులే రెక్కలు. మధ్యలో కోడిగుడ్డు ఆకారపు అట్ట, రెండు కోసు చెవులు, రెండు కళ్లు. కాళ్ల దగ్గర బట్టలకు పెట్టే కర్ర క్లిప్పు అంటిస్తే, గబ్బిలం దండెం మీద తలకిందులుగా వేలాడుతుంది. ప్రతి పిల్లవాడి గబ్బిలమూ వాడి చేతి కొలతే కాబట్టి, సంవత్సరం తర్వాత దాని మీద చెయ్యి పెట్టి చూసుకుంటే ఎంత పెరిగాడో తెలుస్తుంది. మా ఇంట్లో మూడేళ్ల గబ్బిలాలు వరుసగా ఉన్నాయి.

పోయిన సంవత్సరం దీపావళి కూడా అక్టోబరు 31నే వచ్చింది. ఆ రోజు మా అబ్బాయి బడిలో గబ్బిలం చేసి వచ్చి, ఇంట్లో ప్రమిదల పక్కనే దాన్ని వేలాడదీశాడు. రెండు పండుగలూ ఒకే గుమ్మంలో జరిగాయి.

---

ఊదాపువ్వు | అక్టోబరు 13

ఇంతమంది ఇంత శ్రద్ధగా సమాధానాలు రాసినందుకు కృతజ్ఞతలు. ఫోమ్ కిట్ల ఆలోచన విరమించుకున్నాను.

మరో సందేహం ఉంది. తరగతిలో ఒక అబ్బాయి ఇంట్లో మతపరమైన కారణాల వల్ల హాలోవీన్ జరుపుకోరని టీచరు గారు చెప్పారు. ఆ గంటసేపు అతన్ని గ్రంథాలయానికి పంపుతారట. అతన్ని బయటికి పంపకుండా ఉండే మార్గం లేదా?

---

నల్లబల్ల | అక్టోబరు 13

మీకు ఈ ఆలోచన రావడమే నాకు సంతోషంగా ఉంది. యెహోవా సాక్షుల కుటుంబాలు హాలోవీన్ జరుపుకోవు. కొన్ని క్రైస్తవ కుటుంబాలూ, కొన్ని ముస్లిం కుటుంబాలూ కూడా దూరంగా ఉంటాయి. నా తరగతిలో నేను రెండు పనులు చేస్తాను. మొదటిది, ఆ తల్లిదండ్రులను ముందుగా అడగడం. వారి తరఫున మనమే ఊహించుకోకూడదు. రెండోది, చేతిపనిని ప్రకృతి వైపు తిప్పడం. సాలెగూడు, గబ్బిలం, గుమ్మడికాయ, దిష్టిబొమ్మ, రాలిన ఆకులు, ఇవన్నీ శరదృతువుకు చెందినవే. దెయ్యం, మంత్రగత్తె, సమాధి రాయి లేకపోతే చాలామంది తల్లిదండ్రులు ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే వారి నిర్ణయాన్ని గౌరవించి, అదే సామాను ఒక సంచిలో పెట్టి, ఆ అబ్బాయి ఇంకొక రోజు చేసుకునేలా ఇవ్వవచ్చు.

గోదారిగట్టు అమ్మగారు గుమ్మడికాయ మాట ఎత్తారు కాబట్టి ఒక చిన్న విషయం. ఐర్లండ్, స్కాట్లండ్‌లలో పూర్వం టర్నిప్ దుంపలను తొలిచి ముఖాలు చెక్కి దీపం పెట్టేవారు. అమెరికాకు వలస వచ్చినవారికి ఇక్కడి గుమ్మడికాయ పెద్దదిగానూ, తొలవడానికి సులువుగానూ దొరకడంతో దుంప స్థానంలోకి కాయ వచ్చింది. ఐర్లండ్‌లోని మేయో కౌంటీలో ఉన్న గ్రామీణ జీవన మ్యూజియంలో అలాంటి పాత టర్నిప్ ముఖానికి పోతపోసిన నమూనా ఉంది. ఆ బొమ్మ చూపిస్తే పిల్లలు గుమ్మడికాయ ముఖాలకంటే అదే భయంగా ఉందని అంటారు.

---

రెండుకత్తెరలు | అక్టోబరు 14

సాలెగూడు ప్రయత్నించాను. అద్భుతంగా వచ్చింది. సాలీడు విషయంలో నా అనుభవం: 12 అంగుళాల పైప్ క్లీనర్ (నూగు చుట్టిన సన్నని తీగ) ఒకటి తీసుకుని మూడేసి అంగుళాల చొప్పున నాలుగు ముక్కలు చేసి, నాలుగింటినీ మధ్యలో కలిపి మెలితిప్పితే ఎనిమిది కాళ్లు వస్తాయి. అంటే పిల్లకు ఒక పైప్ క్లీనర్ చాలు. కోసిన చోట తీగ గుచ్చుకుంటుంది కాబట్టి ప్రతి కాలి చివరను కొంచెం వెనక్కి మడవాలి. మా చిన్నవాడు ఆరు కాళ్ల సాలీడు చేస్తే వాడి అక్క అది పురుగే గాని సాలీడు కాదని వాదించింది. ఆ వాదన అరగంట సాగింది, చివరికి ఇద్దరూ పుస్తకం తీసి చూసుకున్నారు.

ఐదో తరగతి చదివే పెద్దమ్మాయికి ఇవి మరీ తేలికయ్యాయి. ఆ వయసు పిల్లలకు గాలన్ పాలడబ్బా దీపం బాగుంటుంది. తెల్లటి ఖాళీ డబ్బాను కడిగి ఆరబెట్టి, చెరగని నల్ల మార్కర్‌తో ముఖం గీసి, వెనకవైపు కింద పెద్దలు చిన్న కిటికీ కోసి ఇస్తే, లోపల బ్యాటరీ దీపాల దండ పెట్టవచ్చు. వరండా మెట్లకు ఒక్కొక్కటి పెడితే చీకట్లో చాలా అందంగా ఉంటాయి.

---

ఆకురాలుకాలం | అక్టోబరు 14

బ్యాటరీ దీపాల విషయంలో ఒక హెచ్చరిక. చిన్న కొవ్వొత్తిలా కనిపించే బ్యాటరీ దీపాల్లో చాలావాటిలో నాణెంలాంటి గుండ్రని బ్యాటరీ ఉంటుంది. పిల్లలు దాన్ని మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక లోపల తీవ్రంగా కాలిపోయే ప్రమాదం ఉంది. అమెరికాలో 2022లో రీస్ చట్టం వచ్చినది ఇలాంటి బ్యాటరీల కోసమే. బ్యాటరీ మూతకు స్క్రూ ఉన్న దీపాలనే కొనండి. ఇంట్లో పాకే పిల్లలుంటే అతుక్కునే ప్లాస్టిక్ కళ్లను కూడా లెక్కపెట్టి ఇచ్చి, లెక్కపెట్టి తీసుకోండి. కళ్ల బదులు తెల్ల కాగితం మీద పంచ్‌తో తీసిన చుక్కలు వాడితే ఆ బెంగే ఉండదు.

---

ఊదాపువ్వు | అక్టోబరు 19

ఈ రోజు మా అమ్మాయితో, పక్కింటి ఇద్దరు పిల్లలతో ఇంట్లో ప్రయత్నించి చూశాను. పట్టీల గుమ్మడికాయ పన్నెండు నిమిషాల్లో అయింది. ఇత్తడి పిన్ను దూర్చడం మాత్రం కష్టమైంది, ఎందుకంటే ఆరు పట్టీలకూ కలిపి ఒకేసారి పంచ్ వేయడానికి వాళ్ల చేతిబలం చాలలేదు. మూడేసి చొప్పున వేయించాక కుదిరింది. సాలెగూడుకు పాతిక నిమిషాలు పట్టింది. మూడు గజాల ఊలు చిక్కుపడుతోంది కాబట్టి దాన్ని చిన్న అట్టముక్కకు చుట్టి ఇచ్చాను. మా అమ్మాయి లెక్కలో ఒకచోట తప్పి 8 నుంచి 2కు వెళ్లింది. దారం వెనక్కి తీసి మళ్లీ వేస్తానంటే నేను వద్దనలేదు, తానే సరిచేసుకుంది.

మూడు బల్లలు వేసి, ఒక్కో బల్ల దగ్గర ఎనిమిది మంది చొప్పున తిప్పుదామనుకుంటున్నాను. అప్పుడు ఒక్కో పనికి దొరికేది పదమూడు పద్నాలుగు నిమిషాలే. సాలెగూడుకు అది చాలదు కదా?

---

నల్లబల్ల | అక్టోబరు 19

చాలదు. బల్లలు తిప్పవద్దు. మూడు పనులు సగం సగం చేసి ఇంటికి వెళ్లడంకంటే ఒక పని పూర్తిగా చేసి వెళ్లడం మేలు. తరగతి అంతా సాలెగూడు చేయనివ్వండి. త్వరగా ముగించినవారి కోసం గబ్బిలం సామాను ఒక పక్కన సిద్ధంగా ఉంచండి. పళ్లేలకు మధ్య సందు, 12 రంధ్రాలు మీరు ముందు రోజే వేసి పెట్టండి. అంకెలు రాయడం, మధ్య భాగం కత్తిరించడం, దారం అల్లడం, సాలీడు చేయడం పిల్లలవి. పళ్లెం వెనక పేరు రాయించడం మాత్రం అన్నిటికంటే ముందు జరగాలి.

జిగురు అవసరమైతే కడ్డీ జిగురే వాడండి. సీసాలోని తెల్ల జిగురు ఆరేసరికి వేడుక ముగిసిపోతుంది, తడి బొమ్మ స్కూలు సంచిలోకి వెళ్లి పుస్తకాలకు అంటుకుంటుంది.

---

తాటిముంజె (శాన్‌హోజే, కాలిఫోర్నియా) | అక్టోబరు 22

మా బాబు కిండర్‌గార్టెన్. సాలెగూడు వాడికి కష్టం. ఐదేళ్ల పిల్లలకు, చేతులు పాడుకాకుండా, ఏదైనా ఉందా?

---

బెజవాడబాటసారి | అక్టోబరు 22

తాటిముంజె గారూ, మందపాటి తెల్ల కాగితాన్ని గుమ్మడికాయ ఆకారంలో కత్తిరించి జిప్ కవరులో పెట్టండి. లోపల ఎరుపు, పసుపు రంగులు కొన్ని చుక్కలు వేసి, కవరు మూసి, అంచుకు టేపు వేయండి. బాబు పైనుంచి వేళ్లతో నొక్కుతూ పోతే రెండు రంగులు కలిసి నారింజ రంగు తానే పుట్టడం చూస్తాడు. చెయ్యి తడవదు. తర్వాత కాగితం బయటికి తీసి ఆరబెట్టి, మరుసటి రోజు కళ్లు, నోరు అంటించుకోవచ్చు.

ఇంకొకటి, కాఫీ ఫిల్టర్ మీద కడిగితే పోయే నల్ల మార్కర్‌తో మందంగా వలయం గీసి, మధ్యలో నీటి చుక్కలు వేయండి. నీరు పాకేకొద్దీ నలుపు విడిపోయి నీలం, ఊదా వంటి రంగులు బయటపడతాయి. చాలా నల్ల సిరాలు అనేక రంగుల మిశ్రమం కావడమే దీనికి కారణం. ఆరాక మధ్యలో చిటికెడు పట్టుకుని మెలితిప్పి పైప్ క్లీనర్ చుడితే గబ్బిలం అవుతుంది. చెరగని మార్కర్‌తో ఇది జరగదు, ఎందుకంటే ఆ సిరా నీటిలో కరగదు.

---

ఊదాపువ్వు | నవంబరు 1

నిన్నటి వేడుక ఎలా జరిగిందో చెప్పడానికి వచ్చాను.

24 మందిలో 22 మంది సాలెగూడు పూర్తి చేశారు. మిగిలిన ఇద్దరు దారం అట్టముక్కతో సహా ఇంటికి తీసుకువెళ్లారు. ఎడమచేతి వాటం పిల్లలు ముగ్గురున్నారు. రెండే కత్తెరలు తీసుకువెళ్లాను కాబట్టి వంతులవారీగా వాడుకోవలసి వచ్చింది, వచ్చే ఏడాదికి నాలుగు కొంటాను. ఒక అబ్బాయి కావాలనే నాలుగు గంటల చొప్పున వెళ్లి త్రిభుజం వేసి, తర్వాత ఒక రంధ్రం పక్కకు జరిగి మరో త్రిభుజం, అలా నాలుగు త్రిభుజాలు వేసి పన్నెండు రంధ్రాలూ నింపాడు. ప్రతి త్రిభుజానికీ దారం తెంపి ముడి వేయవలసి వచ్చినా విసుక్కోలేదు. నల్లబల్ల గారు చెప్పని గూడు అది. టీచరు గారు దాన్ని తలుపు మీద పెట్టారు.

హాలోవీన్ జరుపుకోని కుటుంబానికి టీచరు గారి ద్వారా ముందే రాయించాము. సాలెగూడు, గబ్బిలం అయితే తమకు అభ్యంతరం లేదని వారు అన్నారు. ఆ అబ్బాయి తరగతిలోనే ఉన్నాడు, తన సాలీడుకు ఎనిమిది కళ్లు కూడా పెట్టాడు. చాలా సాలీళ్లకు ఎనిమిది కళ్లు ఉంటాయని మాకు చెప్పింది అతనే.

ఒక పొరపాటు జరిగింది. సహాయానికి వచ్చిన ఒక తల్లి, దారం చిక్కుపడిన పాప చేతిలోనుంచి పళ్లెం తీసుకుని మొత్తం తానే అల్లి ఇచ్చారు. నేను చూసేసరికి అయిపోయింది. ఆ పాప పళ్లెం బల్ల మీదే వదిలేసి వెళ్లింది. కొత్త పళ్లెం, కొత్త దారం సంచిలో పెట్టి, సోమవారం ఇవ్వమని టీచరు గారికి ఇచ్చాను.

---

గోదారిగట్టు | నవంబరు 1

మంచి పని చేశావమ్మా. ఆ పాప సోమవారం అల్లుకుంటే మాకు తప్పకుండా చెప్పు.

---

ఊదాపువ్వు | నవంబరు 4

అమ్మగారూ, నిన్న మధ్యాహ్నం విరామంలో కూర్చుని అల్లుకుందట. 3 దగ్గర ఒక రంధ్రం వదిలేసింది. అయినా దాన్ని సరిచేయనివ్వలేదని, సాలీడు లోపలికి రావడానికి అది గుమ్మమని చెప్పిందని టీచరు గారు రాశారు.